అమెరికాకు అర్జీ పెట్టిన చైన్‌మన్

మొన్న గురువారం పొద్దున మాదాపూర్‌లో మా ఆఫీసుకు ఫోన్ వచ్చింది. "నీకేనే, ఎవరో ఏడుస్తున్నారు" అని రిసెప్షన్ అమ్మాయి పిలిస్తే పరుగెత్తాను. అవతల మా పాత ఇంటి ఓనరు గారి భార్య. "మీ బాబాయి పోయిండు బిడ్డా. చాయ్ పెట్టమన్నడు. నేను పెట్టుకొచ్చేసరికే పోయిండు" అన్నారు. రూపాయి బిళ్ల ఫోను కావడంతో ఆ మాట దగ్గరే తెగిపోయింది.

వచ్చి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పది నిమిషాలు టైపు చేశాను. ఏం కొట్టానో నాకే తెలియదు. ఏడుపు రాలేదు. అమెరికా ప్రభుత్వానికి పెట్టిన అర్జీ మీద ఆయన అతికించిన కోర్టు ఫీజు స్టాంపు గుర్తొచ్చి నవ్వొచ్చింది. నవ్వినందుకు సిగ్గేసి, బాత్రూములోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను. ఆయన విషయంలో నాకెప్పుడూ ఇంతే. అనిపించాల్సింది ఒకటైతే అనిపించేది ఇంకొకటి.

ఆయన సర్వే డిపార్టుమెంటులో చైన్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. భూమి కొలిచే సర్వేయరు వెంట ఇనుప గొలుసు మోసుకుని తిరగడం, దాని ఒక కొస పట్టుకుని హద్దు దగ్గర నిలబడడం ఆ ఉద్యోగం. మూసాపేటలో నాలుగు గదులు వేసుకుని, రోడ్డు వైపు గది నాకు కిరాయికిచ్చారు. నాది గుడివాడ. అమెరికా డాక్టర్లు తమ రోగుల గురించి చెప్పినదంతా రికార్డయి వస్తే, అది విని టైపు చేసే ఉద్యోగం కోసం ఇంత దూరం వచ్చాను. గది వెతుక్కుంటూ తిరిగినప్పుడు ప్రతి గడపలోనూ నన్ను దొంగను నిలదీసినట్టు నిలదీశారు. మీరేమిటోళ్లు, ఎన్నింటికొస్తావు, ఎవరెవరొస్తారు, ఇంకా పెళ్లెందుకు కాలేదు. ఈయన మాత్రం ఒకే ఒక్క మాట అడిగారు. "నల్లా పొద్దుగాల ఆరింటికొస్తది. లేస్తవా?" లేస్తానన్నాను. తాళంచెవి చేతిలో పెట్టారు.

అమెరికా అధ్యక్షుడి సొంత వ్యవహారం మీద అక్కడ విచారణ నడుస్తున్న రోజులవి. పేపర్లో రోజూ అదే గోల. మా ఓనరు గారు అరుగు మీద కూర్చుని పేపరును మోకాలి మీద పరిచి, ఎవరో తన పక్కింట్లో చొరబడ్డంత కోపంగా చదివేవారు.

"తప్పు జేసిండు, కాదన్ననా? గానీ అది ఆయన పెండ్లాం అడగాలె. సర్కారెవరు అడగనీకి? ఒకసారి అధ్యక్షుని ఇంట్ల జొచ్చిన్రంటే, ఇగ మామూలోని ఇంటికి తలుపెందుకు?"

నాకు అమెరికా గురించి అంతా తెలుసని ఆయన నమ్మకం. రోజూ దాని గొంతు వింటున్నాను కదా మరి. నేను గేటు తీయగానే, "బిడ్డా, ఇయ్యాల అమెరికా ఏమంటున్నది?" అనేవారు.

"ఒకావిడకి కడుపులో రాళ్లంటండీ బాబాయిగారూ."

"ఆమె కడుపుల రాళ్లు నీకెందుకు తెల్వాలె? ఆమెను అడిగిన్రా?"

అడిగారో లేదో నాకేం తెలుసు? ఆ ప్రశ్న విన్నాక రెండు రోజులు టైపు చేయడానికి చేతులు సరిగా ఆడలేదు. ఆయన మాత్రం అప్పటికే ఇంకో సందేహంలోకి వెళ్లిపోయారు. అక్కడ ఇంటింటికీ తుపాకీ ఉంటుందని ఎక్కడో చదివారు. "మరి గక్కడ చైన్‌మన్ నౌకరీ ఎట్ల జేస్తరు? గేటు తీసి గొలుసు ఏసేటోనికి పానం మీద ఆశ ఉండదా?" అని నిజంగానే దిగులుపడ్డారు.

ఒక ఆదివారం తెల్లకాగితాలు పట్టుకొచ్చి, ఇలా అరుగు మీద అరిస్తే లాభం లేదు, రాయాల్సిందే అన్నారు. ఆయన తెలుగులో చెబితే నేను ఇంగ్లీషులో రాయాలి. మొదటి వాక్యం దగ్గరే తగువొచ్చింది. 'మహారాజశ్రీ అమెరికా సర్కారు వారి దివ్య సముఖమునకు' అన్నారు. అక్కడ మహారాజులు లేరండీ అన్నాను. "మర్యాదకు రాజు ఉండాల్నా?" అన్నారు. ఏదో నాకొచ్చినట్టు రాశాను. ఒక మనిషి ఇంటి లోపలి సంగతి మీద సర్కారుకు హక్కు లేదని, ఎవరినీ వాళ్ల గడప దాటి వచ్చి ప్రశ్నలు అడగకూడదని, ఇది హైదరాబాదులో ఒక మామూలు మనిషి అభిప్రాయమని, చిత్తగించగలరని. కింద సంతకం. పైన మన కోర్టు ఫీజు స్టాంపు. ఆ స్టాంపు వాళ్లకు చెల్లదండీ అని మొత్తుకున్నాను. "నీకు తెల్వదు బిడ్డా. స్టాంపు లేని అర్జీ టేబుల్ కిందికి పోతది. ఏ దేశమైనా గుమాస్తా గుమాస్తానే" అన్నారు.

మీరు నమ్మరు, జవాబొచ్చింది. అచ్చు వేసిన నాలుగు వరుసల కాగితం. మీ అభిప్రాయాలు తెలియజేసినందుకు ధన్యవాదాలు, మీ విషయమై మీ ప్రాంత ప్రతినిధిని సంప్రదించండి అని. అందరికీ పంపే కాగితమని నేను చెప్పబోయేలోపే ఆయన ఇస్త్రీ చొక్కా తొడుక్కున్నారు. నేరుగా మా ఏరియా లీడరు ఆఫీసుకు వెళ్లి, "నన్ను అమెరికోళ్లు మీ దగ్గరికి పంపిన్రు" అని కాగితం చూపించారు. అక్కడి వాళ్లు కంగారుపడి కుర్చీ వేశారట, చాయ్ తెప్పించారట, కాగితాన్ని వెనకా ముందూ తిప్పి చూసి సారుతో మాట్లాడతామన్నారట. వచ్చి అదంతా చెబుతుంటే నవ్వాలో, అయ్యో అనాలో తెలియలేదు. ఆయన భార్య, మా పిన్నిగారు మాత్రం, "ముప్పయేండ్ల నౌకర్ల ఎవ్వడన్న నీకు కుర్సీ ఏసిండా?" అన్నారు.

ఆ కుర్చీ వార్త గల్లీ అంతా పాకింది. అందుకే, రెండు నెలల తరవాత రోడ్డు వెడల్పు చేస్తారని మా వరసలో ఇళ్ల గోడల మీద ఎర్ర రంగు గీతలు పడినప్పుడు, అందరూ ఈయన అరుగు దగ్గరికే వచ్చారు. గీత ప్రకారం పోతే మా ఇంట్లో ముందు రెండు గదులు పోతాయి, నాది కూడా. పక్కింటి టైలరుకైతే కొట్టే పోతుంది, ఇక మిషను పెట్టుకునే చోటుండదు.

"పెద్దమనిషీ, నువ్వొక్క అర్జీ రాయి, మేమంత సంతకాలు పెడ్తం" అన్నాడు టైలరు.

నేను అప్పటికే పెన్ను తెచ్చుకున్నాను. ఈయన తల అడ్డంగా ఊపారు.

"నేను రాయ."

"అమెరికాకు రాస్తవు, మన గల్లీకి రాయవా?"

"అమెరికోనికి నేనెవరో తెల్వది, గందుకే రాసిన. ఈళ్లకు నేను తెలుసు. ఎంతమంది ఇండ్లల్ల అడగకుండ జొచ్చిన్నో, ఎన్ని వాకిండ్లల్ల గొలుసు ఏసిన్నో. ఆడోళ్లు ఏడుస్తుంటె గుంజిన. ఇయ్యాల నా ఇంటికొచ్చిందని ఏ మొకం పెట్టుకొని వద్దంట?"

"నీ మొకం సంగతి నాకెందుకయ్యా, నా కొట్టు పోతున్నది" అన్నాడు టైలరు. అతను అన్నదాంట్లో తప్పేముంది? ఆ రోజు నుంచి గల్లీలో ఎవరూ ఆయనతో మాట్లాడలేదు. నేనూ రెండు రోజులు మాట్లాడలేదు. కోపం నా గది కోసమని నాకు నేను చెప్పుకున్నాను కానీ, అది కాదు. ఎక్కడో సముద్రాల అవతలి మనిషి గడప గురించి అంత బాధపడినాయన సొంత గడప దగ్గర ఇలా నోరు కట్టేసుకోవడం నాకు మింగుడుపడలేదు. చేసినదానికి ప్రాయశ్చిత్తమా? లేక పాత ఆఫీసరు ఎదురుపడితే నిలబడలేని భయానికి మంచి మాటలు తొడిగారా? ప్రాయశ్చిత్తమే అనుకుందాం, మరి దానికి టైలరు కొట్టెందుకు పోవాలి? పిన్నిగారిని అడిగితే, "నాకు తెలిస్తే నీకు చెప్పనా" అన్నారు.

కొలిచే రోజు సర్వేయరు ఒక్కడే వచ్చాడు. టేపు రెండో కొస పట్టుకునే మనిషి రాలేదు కాబట్టి ఇంకో రోజు వస్తానన్నాడు. గల్లీ వాళ్ల ముఖాలు కాస్త వెలిగాయి. అప్పుడు మా ఓనరు గారు అరుగు దిగి, లుంగీ ఎగగట్టి, "నేను పడ్త, తే" అన్నారు. టైలరు కాండ్రించి ఉమ్మి లోపలికి వెళ్లిపోయాడు.

"ఎందుకండీ బాబాయిగారూ, మీకెందుకు?" అన్నాను. నా గొంతు లేచింది.

"కొలత తప్పొద్దు బిడ్డా. జానెడు ఎక్కువ గీసిన్రంటే మల్ల రాదు" అన్నారు. అది నిజమో, నాకు చెప్పడానికి దొరికిన మాటో ఇప్పటికీ తెలియదు.

నా గది తలుపు దగ్గర ఆగి చెప్పులు విడిచారు. "లోపలికి రావచ్చునా?" అన్నారు. నేను అక్కడున్న రెండేళ్లలో ఆయన ఆ గదిలో అడుగు పెట్టడం అదే మొదటిసారి. రండి అన్నాను. అనకుండా ఉండాల్సిందని తరవాత చాలాసార్లు అనుకున్నాను. మంచం పక్క నుంచి, నా బట్టల వైపు చూడకుండా, తల వంచుకుని వెళ్లి టేపు కొసను వెనక గోడకు బొటనవేలితో అదిమి పట్టారు. బయట సర్వేయరు గట్టిగా లెక్క చదివి రాసుకున్నాడు.

"అయిపోయింది పెద్దాయనా, వదిలెయ్" అని కేకేశాడు.

ఆయన గోడ వైపు తిరిగే ఉన్నారు.

"వదిలెయ్" అని మళ్లీ కేక వినిపించింది. టేపు బిగుసుకుని నా మంచం మీదుగా వణికింది. ఆయన బొటనవేలి గోరు రక్తం లేనట్టు తెల్లబడింది. వదల్లేదు.