నెయ్యి తాగిన లాంతరు

నరసాపురం రేవులో సత్తియ్య దీపం వెలిగిస్తే, ఏటికవతల సఖినేటిపల్లిలో కోళ్ళు తెల్లారిందనుకుని కూసేవి. ఒక పుంజైతే అలా రోజుకు రెండేసిసార్లు కూసి కూసి గొంతుపోయి చచ్చింది. నమ్మకపోతే ఆ పుంజునే అడగండి. నేను బడి మానేసింది మూడో పుస్తకంలోనే గాని, చూడటం మానలేదు. చూసిందే రాస్తున్నాను.

సత్తియ్య చేపలు పట్టేవాళ్ళ బిడ్డ. వల లాగుతుంటే మోకు చుట్టుకుని కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి. ఇక సముద్రానికి పనికిరావన్నారు జట్టువాళ్ళు. మిగిలిన మూడు వేళ్ళతో దీపాల పని పట్టాడు. ఖాళీ కిరసనాయిలు డబ్బా ఇస్తే చాలు, రేకు కత్తిరించి, సీసం కరిగించి మాటు వేసి, లాంతరు చేసి చేతిలో పెట్టేవాడు. పాత ఆముదం దీపాన్ని విప్పి కిరసనాయిలు దీపంగా మార్చడంలో అతణ్ణి మించినవాడు యానాం దాకా లేడు.

ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన నలభయ్యో ఏడు అది. భీమవరం పక్కన మా ఊళ్ళో సాంబశివరాజుగారు పెద్ద కామందు. కాలవల్లో ఆయనకి ఏడు పడవలు తిరిగేవి. కొడుక్కి పెళ్ళి చేసి, కోడలి కోసమని చెన్నపట్నం నుంచి గుర్రబ్బండి తెప్పించారు. బండికి ముందు రెండు ఇత్తడి లాంతర్లు. పైన మెరుపు చూస్తే కళ్ళు తిరుగుతాయి. లోపల వెలిగేది మాత్రం చిటికెనవేలంత మైనపువత్తి. ఆ వెలుతురులో గుర్రానికి దాని ముక్కే కనపడదు.

రాజుగారు సత్తియ్యను పిలిపించారు.

"ఒరే, కోడలు మార్గశిరంలో కాపరానికొస్తుంది. లాకు దగ్గర పడవ దిగి, కాలవగట్టు మీద రెండు కోసులు బండిలో రావాలి. దారి పట్టపగల్లా ఉండాలి. ఉందా, ఏడు పడవల దీపాలూ నీ చేతే మార్పిస్తాను."

"చిత్తమండి."

"లేకపోతే?"

"ఎండుచేపల బుట్ట నెత్తినెట్టుకుంటానండి. ఇంకేం చేస్తాను?"

అది వేళాకోళం కాదు. ఆ ఏడు పడవలు దొరికితే దీపాల పనే బతుకు. దొరక్కపోతే బుట్టే.

పది రోజులు ఒళ్ళు వంచి కూర్చున్నాడు. మైనపువత్తి గొట్టం ఊడబీకి, ఆ చోట కిరసనాయిలు బుడ్డి బిగించాడు. పట్టీ వత్తి పెట్టాడు. వెనకాల అద్దం ముక్కలు దొప్పలా అమర్చాడు. మంటకు గాలి తగలాలని అడుగు చుట్టూ సన్నటి బెజ్జాలు పొడిచాడు. వెలిగించి చూపిస్తే కాలవ అవతలిగట్టున కొంగ ముక్కు కనపడింది. ముక్కులో చేపా కనపడింది. ఆ చేప కంట్లో నలుసు కూడా చూశాను నేను.

"బెజ్జాలు మూయకండి. కిరసనాయిలు తప్ప ఇంకోటి పొయ్యకండి," అని మూడుసార్లు చెప్పి మరీ వెళ్ళాడు సత్తియ్య.

చెబితే వింటే వాళ్ళు పెద్దవాళ్ళెందుకవుతారు!

కోడలొచ్చే రోజు రాజుగారి భార్య లక్ష్మీనరసమ్మగారు లాంతర్ల దగ్గరికొచ్చి, కొంగుతో ముక్కు మూసుకున్నారు.

"కొత్తకోడలు ఇంటికొస్తుంటే ముందు ఈ కంపా? శుభమా అని కిరసనాయిలు వెలిగిస్తారటయ్యా ఎవరైనా? పారబోసి ఆవునెయ్యి పొయ్యండి!"

బండి తోలే పాపాయి నసిగాడు. "అమ్మగారండీ, సత్తియ్య వద్దన్నాడండి."

"చేపలు పట్టేవాడా నాకు ఆచారం చెప్పేది?"

పారబోశారు. కాచిన నెయ్యి పోశారు. అంతటితో ఆగారా? వాడి చెయ్యి తగిలిన మైల పోవాలని తడిపసుపు మెత్తి, పైన కుంకుమ బొట్లు పెట్టారు. ఎక్కడ? సరిగ్గా ఆ బెజ్జాల మీద!

పొద్దుగూకేవేళ కోడలు పడవ దిగింది. రాజుగారు పాపాయి పక్కన కూర్చున్నారు. బండి కదిలింది, సన్నాయివాళ్ళూ మేమూ వెనక నడిచాం. మార్గశిరపు చలికి నెయ్యి పేరుకోసాగింది. అర కోసు పోయేసరికి మంట గురివిందగింజంత అయింది. ఆనక మిగిలింది పొగే. ఆ వాసన సరిగ్గా చెబితే మీరు రెండురోజులు అన్నం ముట్టరు. మాడిన నెయ్యి, అడుగున మిగిలిన కిరసనాయిలు, కాలిన పసుపు, మూడూ కలిసిన కంపు.

మలుపు కనపడక గుర్రం గట్టు దిగింది. దిగడం దిగడం గోగుకట్టలు నానేసిన గుంటలోకి దిగింది! నార కోసం నెల్లాళ్ళుగా కుళ్ళుతున్న నీళ్ళవి. చక్రం కూరుకుపోయి, నల్లటి జిగురు ఎగిరి కోడలి పట్టుచీర మీద పడింది. లోపల్నుంచి ఏడుపు. రాజుగారి మీసాల మీద పురుగులు ఒకటీ రెండూ కాదు, సన్నాయికి తగ్గట్టు వరసగా నడిచాయి.

"సత్తిగాణ్ణి లాక్కురండి! చేపలోడి చెయ్యిపడ్డ దీపం ఇలాగే ఏడుస్తుంది!" అని అరిచారాయన.

లాక్కురానక్కర్లేదు. తన దీపం ఎలా వెలుగుతుందో చూసుకుందామని సత్తియ్య చేతిలాంతరు పట్టుకుని మా వెనకే నడిచొస్తున్నాడు. నడుంలోతు కంపులోకి దిగి, లాంతరు బుడ్డి విప్పి, రాజుగారి ముందు బోర్లించాడు. చుక్క పడలేదు. పుల్లతో పొడిస్తే ముద్ద ఊడిపడింది.

"నెయ్యండి. పేరుకుంది. బెజ్జాల్లో పసుపండి. దీపానికి ఊపిరాడలేదండి."

"అమ్మగారు పొయ్యమన్నారండి," అన్నాడు పాపాయి మెల్లిగా.

రాజుగారు కాసేపు మీసం దులుపుకున్నారు. "అయితే నువ్వు ముందే చెప్పొద్దట్రా?"

"మూడుసార్లు చెప్పానండి."

సత్తియ్య పైగుడ్డ చింపి బుడ్డి తుడిచాడు. తన చేతిలాంతర్లోని కిరసనాయిలు అందులోకి వంచాడు, ముల్లుతో బెజ్జాలు పొడిచాడు, వెలిగించాడు. గట్టు పొడుగునా దారి తెల్లగా పరుచుకుంది. బండిని పైకి లాగి ఇల్లు చేర్చాం. గుమ్మంలో హారతి పట్టుకున్న లక్ష్మీనరసమ్మగారు ఆ వెలుగు చూసి, "చూశారా, నెయ్యి మహిమ!" అన్నారు. ఒక్కడూ నోరు మెదపలేదు, నడుం దాకా కంపు కొడుతూ సత్తియ్య అక్కడే నిలబడి ఉన్నా సరే. పొద్దున వాళ్ళింట తిన్న బూరెలు అక్కడే కక్కేయాలనిపించింది నాకు. కక్కలేదు, బూరెలు బాగున్నాయి.

మర్నాడు రాజుగారు పిలిచి, పడవల పని ఇస్తానన్నారు. ఆ మాటకి సత్తియ్య పులిలా లేచి, "మీ ఏడు పడవలూ ఆ గోగుగుంటలోనే ముంచుకోండి!" అని, వాళ్ళ అరుగు మీద కాండ్రించి ఉమ్మి వచ్చాడు. ఊరూరా నేనిలాగే చెప్పాను. చెప్పగా చెప్పగా కథ సత్తియ్య చెవిదాకా పోయింది. ఓరోజు రేవులో కనపడితే మాటుపని ఆపి నాకేసి చూశాడు.

"ఉమ్మలేదండి. ఏడు పడవలూ ఒప్పుకున్నాను. నూనె మట్టుకు నేనే పోస్తానన్నాను. సరేనన్నారు."