ఎస్తేరు ఆఫీసుకు రెండో లైను

పెబ్బేరులో ఎరువుల దుకాణం పైన, మేడమీద ఎస్తేరు ఆఫీసు. ఆఫీసంటే పెద్ద ఆర్భాటమేమీ కాదు. ఒక పొడవాటి గది, పదకొండు కంప్యూటర్లు, పదకొండు ప్లాస్టిక్ కుర్చీలు, కింద నుంచి పొద్దస్తమానం ఎక్కివచ్చే పురుగుమందు వాసన. హైదరాబాదులోని ఒక కంపెనీ, జనం చేత్తో నింపిన బీమా కాగితాల ఫొటోలను నెట్టులో పంపుతుంది. అవి ఒక్కొక్కటిగా తెరమీదికి వస్తుంటే ఇక్కడి ఆడవాళ్లు పేరూ ఊరూ చదివి టైపు చేస్తారు. ఎంత కోడిగీతల రాతైనా వీళ్ల కళ్ల ముందు నిలవదు. మన పాలమూరు ఇంటిపేర్లు హైదరాబాదు వాళ్లకు కొరుకుడుపడవు, వీళ్లకు చూడగానే తెలిసిపోతాయి. అందుకే ఆ పని ఇంత దూరం వచ్చింది.

ఎస్తేరు తండ్రి మాసయ్య ముప్పై ఏళ్లు పుణెలో తట్టలు మోసినవాడు. ఆమె నడక నేర్చింది అక్కడి ఇసుక కుప్పల మీదే. తర్వాత హాస్టల్లో చదివింది, వనపర్తిలో డిగ్రీ రెండేళ్లు చదివి ఆపేసింది, ఆరేళ్లు జిరాక్సు దుకాణంలో నిలబడింది. ఆమెకు ఒక జబ్బుంది. ఏ వస్తువైనా లోపల ఎలా తిరుగుతుందో చూస్తే గానీ మనసు ఊరుకోదు. పెళ్లికి వచ్చిన మిక్సీని మూడో రోజే విప్పి ముక్కలన్నీ బొక్కెనలో వేస్తే అత్త నెత్తి కొట్టుకుంది. సాయంత్రానికి ఎస్తేరు దాన్ని మళ్లీ బిగించి పచ్చడి చేసిపెట్టింది.

అలాంటి మనిషికి ఈ నెలలో కంటిమీద కునుకు లేదు. మూడు శనివారాలు వరసగా ఆఫీసులో నెట్టు పోయింది. శనివారం పెబ్బేరు సంత. ఎడ్లు, బర్రెలు, గొర్రెలు, వాటికి మేతగా ఇంటి కప్పంత ఎత్తున కట్టిన వరిగడ్డి ట్రాక్టర్లు. ఆ గడ్డి రోడ్డుకు అడ్డంగా వేలాడే నెట్టు తీగకు తగిలిందంటే తీగ తెగుతుంది. కంపెనీలో ఈ పని చూసే అర్చన మేడం ఫోన్ చేసి చెప్పింది, మెత్తగానే, కానీ తేల్చి చెప్పింది.

“ఎస్తేరు గారూ, వచ్చే శనివారం మా వాళ్లు పొద్దున తొమ్మిది నుంచి ఐదు దాకా ఇక్కణ్ణుంచే మీ లైను చూస్తుంటారు. మొత్తం కలిపి పదిహేను నిమిషాలకు మించి ఆగితే పని వేరే ఊరికి ఇచ్చేస్తాం. రెండు లైన్లు పెట్టుకోండి.”

పదకొండు మందివీ కూలి ఇళ్లే. అందులో ధనలక్ష్మి నాలుగు నెలల కింద పుణె నుంచి చంటిపిల్లను ఎత్తుకుని తిరిగొచ్చింది. “నా మాట మీద రా, ఈడ కుర్చీల కూసొని చేసే పని ఉన్నది” అని రప్పించింది ఎస్తేరే. ఇప్పుడు పని పోతే ధనలక్ష్మి మళ్లీ పుణె బస్సెక్కాలి. ఎస్తేరుకు అన్నం సహించడం మానేసింది.

గురువారం కేబుల్ కురుమయ్య రెండో లైను తెచ్చాడు. వేరే కంపెనీ, వేరే పెట్టె, పెట్టె మీద వేరే బొమ్మ. శుక్రవారం పొద్దున వనపర్తి నుంచి బస్సులో రూటరు పార్సిలు వచ్చింది. రెండు లైన్లూ ఒకేసారి గుచ్చుకునే రూటరది. పంపింది కంప్యూటర్ల దుకాణం శ్రవణ్ కుమార్. తాను రాలేనని, ఫోన్లోనే అన్నీ చెబుతానని అన్నాడు. ఎస్తేరుకు అదే కావలసింది. వేరొకరి చెయ్యి పడకుండా తానే పెట్టెను విప్పి, రెండు తీగలూ రెండు గూళ్లలో గుచ్చి, కంప్యూటరులో దాని పేజీ తెరిచింది.

“రెండు లైన్లను కలిపి పంచుకో అని ఒకటి ఉంటది చూడక్కా, అది పెట్టు” అన్నాడు శ్రవణ్ కుమార్.

పెట్టింది. ఫొటోలు గింజలు రాలినట్టు టపటపా వచ్చిపడ్డాయి. గదంతా ఒకటే సంబరం. అది పది నిమిషాలే. ఉన్నట్టుండి, టైపు చేస్తున్న యమున కుర్చీలోంచి లేచింది.

“ఏందక్కా గిది? నన్ను బయటికి తోసింది! మల్ల పాస్‌వర్డ్ కొట్టమంటుంది.”

“నన్ను గూడ.”

“నన్ను గూడ తోసింది.”

“కొత్త కోడలొచ్చి పాతోళ్లనందర్నీ ఎల్లగొట్టినట్టున్నది” అంది యమున. నవ్వే ఓపిక ఎవరికీ లేదు. పాస్‌వర్డ్ కొడితే తీసుకుంటుంది, రెండు కాగితాలు అయ్యాక మళ్లీ తోసేస్తుంది. శ్రవణ్ కుమార్‌ను అడిగితే రూటరు మంచిదేనంటాడు, కంపెనీకి చేస్తే మా దగ్గర అంతా బాగానే ఉందంటారు.

ఎస్తేరు ఒక తీగ పీకేసింది. ధనలక్ష్మి పక్కన కూర్చుని, “ఇప్పుడు చెయ్యి, ఆగకు” అంది. ఇరవై కాగితాలయ్యాయి. తోయలేదు. రెండో తీగ గుచ్చింది. మూడో కాగితానికి తోసింది. మళ్లీ పీకింది, మళ్లీ గుచ్చింది. అట్లా ఆరుసార్లు. ఆరోసారికి తల్లో వెలిగింది. రూటరు ఒక కాగితాన్ని ఒక లైనులో పంపుతోంది, ఇంకో కాగితాన్ని రెండో లైనులో పంపుతోంది. అవతల కంపెనీకి అది ఎలా కనిపిస్తుంది? ఒకే ధనలక్ష్మి ఒకే గడియలో రెండు వేరే ఇళ్లలోంచి బయటికి వచ్చినట్టు! ఎవరో దొంగ అనుకుని బయటికి తోస్తోంది.

“శ్రవణ్ తమ్మీ, పంచుడు వద్దు. ఒకటి నడవాలె, అది పోతేనే రెండోది లేవాలె. గట్ల ఉంటదా?”

“ఉంటదక్కా. నాకు తట్టలే. నువ్వే దుకాణం పెట్టుకోరాదు?”

మార్చింది. మొదటి తీగ పీకి చూశారు. అర నిమిషం గడిచింది. రెండో లైను లేచింది, ఎవరినీ తోయలేదు. ఆ పూట ఎస్తేరు కడుపునిండా తిన్నది.

శనివారం తొమ్మిదికి పని మొదలైంది. కిటికీ కింద సంతకు పోయే పశువుల గిట్టల చప్పుడు, బేరగాళ్ల అరుపులు. గోడ గడియారం మీద ఒక కన్ను, రూటరు దీపాల మీద ఒక కన్ను వేసుకుని ఎస్తేరు నిలబడే ఉంది. పది దాటింది. పదకొండు దాటింది. పదకొండూ ఇరవైకి కింద ఎవరో “ఆపు, ఆపు!” అని అరిచారు. పెళుక్కుమని ఒక చప్పుడు. మొదటి దీపం ఎర్రబడింది.

“భయపడకుండ్రి, రెండోది లేస్తది” అంది ఎస్తేరు.

రెండో దీపం కూడా ఎర్రబడింది.

ఎస్తేరు కిటికీ దగ్గరికి ఉరికింది. గడ్డి ట్రాక్టరు రోడ్డు మధ్యలో ఆగి ఉంది. దాని మీది గడ్డిలో చిక్కుకుని రెండు నల్ల తీగలు, ఒకదాన్నొకటి పెనవేసుకుని, జడపాయల్లా వేలాడుతున్నాయి. రెండూ ఎదుటి స్తంభం నుంచి వచ్చినవే. పెట్టెలు రెండు, కంపెనీలు రెండు, బిల్లులు రెండు. కురుమయ్య మాత్రం రెండింటినీ ఒకే స్తంభానికి, ఒకే కట్టుతో కట్టి లాగాడు. మిక్సీ విప్పిన మనిషి, రూటరును ఆరుసార్లు పీకి చూసిన మనిషి, కిటికీలోంచి ఒక్కసారి తల బయటపెట్టి తీగ ఎక్కడినుంచి వస్తోందో చూడలేదు.

రెండు నిమిషాలు పోయాయి.

కురుమయ్యకు ఫోన్ చేసింది. “మామా, రెండు తీగలు ఒకటే స్తంభానికి ఎందుకు కట్టినవే?”

“ఇంకెన్ని స్తంభాలు నాటాలె బిడ్డా, నీ ఒక్కదాని కోసం? రెండు లైన్లు అడిగినవు, రెండిచ్చిన. రెండు తొవ్వలని నాకు చెప్పినవా?”

చెప్పలేదు. ఆమెకే తోచలేదు.

“ఎప్పటికొస్తవు?”

“వస్త గాని, సంతల బండి ఇరికింది. జర ఓపిక పట్టు. అతికే మిషన్ గూడ కొత్తకోట కాడున్నది.”

నాలుగు నిమిషాలు. రూటరు వెనకాల ఫోన్ గుచ్చుకునే గూడు ఉందని నిన్న చూసింది. తన ఫోన్ గుచ్చింది. లైను లేచినట్టే లేచి చతికిలబడింది. ఫోనులో టవరు గీతలు నిండుగానే ఉన్నాయి, ఒక్క ఫొటో దిగదు. సంతకు వచ్చిన వేలమంది చేతుల్లో ఉన్నదీ అదే కంపెనీ సిమ్ము. యమున ఫోన్ గుచ్చారు, అంతే. ఏడు నిమిషాలు. ఎనిమిది. ఎస్తేరు పెదవులు కదులుతున్నాయి, ప్రార్థనో లెక్కో ఆమెకే తెలియదు.

ధనలక్ష్మి మెల్లగా తన సంచిలోంచి, పిల్ల బట్టల అడుగునుంచి, అద్దం పగిలిన పాత ఫోన్ తీసింది.

“అక్కా, ఇది పుణె సిమ్ము. ఈడ ఎవ్వరి కాడ లేదు ఈ కంపెనీ. హైవే దిక్కు దీని టవర్ ఉన్నది, మంచిగ వస్తది.”

“ఇంక దీన్ని ఎందుకు ఉంచుకున్నవే?”

ధనలక్ష్మి ఫోనును ఆమె చేతిలో పెట్టింది. ఎస్తేరు మళ్లీ అడగలేదు. తీసుకుని గుచ్చింది. ఒక దీపం పచ్చబడింది. పదకొండో నిమిషంలో మొదటి ఫొటో దిగింది.

మిగిలింది నాలుగే నిమిషాలు. పాటలు బందు, వీడియోలు బందు, ఎవరి సొంత ఫోనూ ఆఫీసు నెట్టుకు తగలకూడదు. ఫోన్ వేడెక్కుతోందని యమున దాన్ని తడిగుడ్డ మీద పెట్టబోతే ఎస్తేరు చెయ్యి మీద కొట్టి, రూటరు పెట్టె అట్టతో తానే విసిరింది. కిందికి పోయి చూసినవాళ్లు కురుమయ్య నిచ్చెన ఇంకా సంత మొగదలలోనే ఉందన్నారు.

రెండున్నరకు ఆ పాత ఫోన్ మోగింది. అద్దం మీద పేరు పడింది: మేస్త్రి, పుణె.

“ఎత్తకు” అంది ఎస్తేరు, ఆలోచించకుండానే. ధనలక్ష్మి ముఖం చూశాక అడిగింది. “ఎత్తితే నెట్టు ఆగుతదా?”

“పాత ఫోన్ అక్కా. మాట్లాడుతుంటే ఆగుతది.” ఆమె మోగుతున్న ఫోను వైపే చూస్తూ అంది. “సోమారం కూలోళ్ల బండి పుణె పోతుందంట. వస్తవో రావో ఇయ్యాల చెప్పుమన్నడు. ఎత్తకపోతే నా జాగల ఇంకొకరిని ఎక్కిస్తడు. వేరే నంబర్ నుంచి చేస్తే ఎత్తడు.”

గదిలో వేళ్ల చప్పుడు ఆగింది. ఈ పని ఉంటుందని ఆమె ఇప్పుడు మాటివ్వలేదు. ఎత్తమంటే పదిమంది పని పోతుంది, వద్దంటే ఈ ఒక్కదాని బువ్వ పోతుంది.

“నీ ఇష్టం ధనమ్మా. నేనేమీ అనను.”

ఫోన్ మోగుతూనే ఉంది. ధనలక్ష్మి చెయ్యి దాని మీదికి పోయింది, ఆగింది. తర్వాత తన కుర్చీలోకి పోయి కూర్చుని, తెరమీద ఉన్న పేరును పైకి చదువుతూ టైపు చేసింది. “చిన్నపోతుల అనంతయ్య, తండ్రి పేరు...” మోగి మోగి ఫోన్ ఆగిపోయింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

నాలుగు దాటాక కురుమయ్య తీగలు అతికించాడు. ఫోన్ పీకి లైను మార్చేటప్పుడు ఇంకో రెండు నిమిషాలు పోయాయి. ఐదుకు ఎస్తేరు లెక్క చూసుకుంది: పదమూడు. తాను సరిగా చూశానో లేదో అనుమానమే. ఐదుంబావుకు అర్చన మేడం ఫోన్ చేసింది.

“పదమూడు నిమిషాల నలభై సెకన్లు. గట్టెక్కారు. కానీ మధ్యాహ్నం మూడో లైనేదో కనిపించింది మాకు, మహారాష్ట్రది. ఏమిటది?”

ఏదో ఒకటి చెప్పి తప్పించుకోవచ్చు. ఎస్తేరుకు అది చేతకాలేదు. “మేడం, నా తప్పే. రెండు లైన్లూ ఒకటే స్తంభం మీద తెచ్చుకున్న. రెండూ పోయినయి. మా ధనలక్ష్మి పుణె ఫోన్ మీద నడిపినం.”

అటు నుంచి అర్చన మేడం ఏదో టైపు చేస్తున్న చప్పుడు వినిపించింది.

“సరే. ఈ పని ఇంకో ఏడాదికి మీకే అని రాస్తున్నాను. పది రోజుల్లో రెండో లైను వేరే దారిలో రావాలి, ఫొటో పంపండి.”

ఎస్తేరు ఫోన్ పెట్టి గోడకు జారగిలబడింది. పదకొండు మందీ ఆమె నోటినే చూస్తున్నారు. “ఏడాది” అంది. యమున ఈల వేసింది. ధనలక్ష్మి మాత్రం ఆ పాత ఫోనును చేతిలోకి తీసుకుని, తప్పిపోయిన కాల్‌ను కాసేపు చూసి, మేస్త్రికి తానే చేసింది.

“అన్నా, నేను వస్తలేను. నా జాగల ఎవరినన్న ఎక్కించుకో.”

ఎస్తేరు అప్పటికే మెట్లు దిగుతోంది. కింద కురుమయ్య నిచ్చెన మడుస్తున్నాడు.

“మడవకు మామా. హైవే దిక్కు స్తంభం ఏడున్నదో సూపియ్యి, నడువు.”

“ఇయ్యాలనా? చాయ తాగనియ్యవా?”

“చాయ నేను తాపిస్త. ముందు స్తంభం సూపియ్యి.”