మా బావ చేతిలో ముసలి కారు

మా బావ పోయాడని ఫోను వచ్చినప్పుడు నేను ఆసుపత్రిలో డయాలసిస్ మంచం మీద ఉన్నాను. రక్తం మిషన్లో తిరుగుతోంది, లేచి వెళ్లడానికి లేదు. ఇంకా రెండు గంటలుందంది నర్సు. పోవాల్సినవాణ్ణి నేనక్కడ పడుంటే, దుక్కలా ఉన్న మనిషి ఆయన వెళ్లిపోయాడు. ఆ పూట నన్ను ఆసుపత్రికి తెచ్చింది ఆయన బాగుచేసిన కారే.

మా అక్క భర్త ఆయన. టాటానగర్ రైల్వే యార్డులో వాగన్లు చెక్ చేసే పనిలో రిటైరయ్యాడు. బాగ్‌బేరాలో మాకు రెండిళ్ల అవతల ఉండేవాళ్లు. డయాలసిస్ మొదలయ్యాక, తిరుగుదారిలో ఆటో కుదుపులకు నేను కళ్లు తిరిగి పడిపోయేవాణ్ణి. మా ఇంటి ముందు ఇరవయ్యేళ్లు దాటిన కారొకటి కదలకుండా పడి ఉంది. చూసిన మెకానిక్ తుక్కుకి అమ్ముకోమన్నాడు. వేరేది కొనే తాహతు మాకు లేదు.

బావ పొడవాటి స్క్రూడ్రైవర్ ఇంజనుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు.

"ఏటి బావా, ఏటంటన్నాది?" అన్నాను ఎగతాళిగా.

"నీకంటే నయంరా. ఎక్కడ నొప్పో సరిగ్గా చెప్తన్నాది."

ముప్పయ్యేళ్లు చక్రాలను సుత్తితో కొట్టి, మోతను బట్టి పగులు పట్టుకున్న చెవి అది. జుగ్సలాయిలో పాత సామాన్ల కొట్లు గాలించి తెచ్చిన ముక్కల్ని కిరసనాయిల్లో కడిగి, పళ్ల బ్రష్షుతో తోమేవాడు. విప్పినవన్నీ విప్పిన వరసలోనే పేపరు మీద పేర్చేవాడు. కంటికి కనపడని చోట ఆయన వేళ్లు దారి కనుక్కుంటుంటే, వరండాలో కుర్చీలో కూర్చున్న నాకు ఒళ్లు గగుర్పొడిచేది. నిజం, అతిశయోక్తి కాదు.

తాళం దగ్గర మా అమ్మాయి కూర్చునేది. కారు నడపాల్సింది అదే. తెలుగులో అడిగితే హిందీలో జవాబు చెప్పే పిల్ల, తెలుగు అక్షరాలు రావు. ఒకరోజు ఫ్యాను బెల్టు బిగిస్తూ ఆయన తనలో తాను "చాలు" అనుకున్నాడు. దాని చెవికది హిందీ "చాలూ" అయింది, అంటే స్టార్ట్ చెయ్యమని. తాళం తిప్పేసింది. ఆయన ఉంగరపు వేలి కొస నలిగిపోయింది.

"గల్తీ హో గయీ, మావయ్యా," అని అది ఏడుస్తుంటే ఆయన గుడ్డ చుట్టుకుంటూ, "నీ తప్పేటి లేదమ్మా. నువ్వు బాగానే ఇన్నావు. నేనే తప్పు బాసలో వాగినాను," అన్నాడు.

ఆ తర్వాత అన్నం దగ్గర కూడా ఆ మాట మానేశాడు. అక్క వడ్డిస్తుంటే "బస్, బస్" అని చెయ్యి అడ్డం పెట్టేవాడు. అక్కకు నవ్వాగేది కాదు.

ఏడాదిన్నర ఆ కారు నన్ను ఒక్క పూట కూడా తప్పించకుండా తీసుకెళ్లింది.

ఆయన పోయిన నాలుగో రోజు మళ్లీ నా డయాలసిస్. కారు కదల్లేదు. ఆ పూట తప్పితే ఒంట్లో నీరు చేరి ఊపిరాడదు. మా ఫోన్లలో ఉన్న మెకానిక్ నంబరు ఆయనదొక్కటే.

అమ్మాయి బానెట్ ఎత్తింది. లోపలి రేకు మీద తెల్ల పెయింటుతో హిందీ అక్షరాలు ఉన్నాయి. తన గుండె బాగాలేదని డాక్టరు చెప్పిన వారంలో, మధ్యాహ్నాలు ఆయన కారు దగ్గర ఒక్కడే ఏదో రాసుకునేవాడని అక్క తర్వాత చెప్పింది.

"పాపా, యే హిందీ నహీఁ హై," అంది అమ్మాయి నాతో, ఇది హిందీ కాదని.

"పైకి చదువు," అన్నాను.

కూడబలుక్కుంటూ చదివింది. "ముందు బేటరీ తీగలు చూడమ్మా. తెల్లగా పొడి పట్టినాదేటి? వేణ్నీళ్లు పొయ్యి. తోమీసి గట్టిగ బిగించు. అయినా కదలకపోతే బయపడకు. నాన్నని ఆటో ఎక్కించీ. కారు సంగతి తరవాత చూద్దుం."

అది లోపలికి పరిగెత్తి వేణ్నీళ్లు తెచ్చింది. తోమింది, బిగించింది. కారు స్టార్టయింది. నేను ఎక్కి కూర్చున్నాను కానీ అమ్మాయి ఎక్కలేదు. ఇంజను చప్పుడులో, ఎత్తిన బానెట్ కింద నిలబడి, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టుకుంటూ మొదటి నుంచి మళ్లీ చదువుతోంది, మా బావ యాసలోనే.