మూడో ఎముక మీది కుట్టు

సూదమ్మ చేతిలో సూది ఉందంటే దారం ఒక్కటే ఉండాలి. సగంలో దారం అయిపోతే అతుకు వేసి లాగించడం ఆవిడ దగ్గర కుదరదు. కుట్టిందంతా విప్పి, కొత్త దారం ఎక్కించి, మళ్లీ మొదటికొస్తుంది. కర్టెనైనా అంతే, బడిపిల్ల చొక్కా బొత్తామైనా అంతే. "అతుకేస్తే కొంపలేం మునుగుతాయే?" అని మొగుడు వెక్కిరిస్తే, "మునుగుతాయి" అని మూతి బిగించేది. ఎందుకో మాత్రం యాభై ఏళ్ల కాపురంలో ఒక్కసారీ చెప్పలేదు.

ఆ మొగుడు బస్సు నడిపి రిటైరైన మనిషి. ఊరంతా డ్రైవరుగారనే పిలుస్తారు. నోట్లో నువ్వుగింజ నానదు. కూతురింటికి వచ్చిన మూడో రోజున, పాత విమానాలూ యుద్ధనౌకలూ పెట్టిన మ్యూజియానికి కూతురు రెండు టిక్కెట్లు తెచ్చిస్తే, ఆయన పసిపిల్లాడిలా తెల్లారేసరికి బూట్లు తొడుక్కుని కూర్చున్నాడు. సూదమ్మ మోకాళ్ల నొప్పులంది, ఆయన వింటేగా. మోకాళ్లు బాగానే ఉన్నాయని ఆవిడకి తెలుసు, నొప్పి ఎక్కడో కూడా తెలుసు.

ముందు నౌక చూశారు. రేవు గోడకి కట్టేసిన బూడిదరంగు ఓడ పక్కన నిలబడి తల ఎంత వెనక్కి వాల్చినా పైఅంచు కనబడలేదు. లంగరు గొలుసులో ఒక్కొక్క కడియం పసిపిల్ల ఉయ్యాలంత ఉంది. ఇంజను గదిలోకి దిగితే ఇనుము కింద ఇనుము, దాని కింద ఇంకా ఇనుము. అంతసేపూ డ్రైవరుగారికి మాట పడిపోయింది, అదే పెద్ద వింత. ఓడ నడిపే గదిలోకి వచ్చాక గానీ గొంతు పెగలలేదు.

"ఇంత ఓడకి ఇదా స్టీరింగు? నా బస్సుది దీనికి రెండింతలుండేది కదే!"

"మీ బస్సు మాత్రం రెండుసార్లు కాలవలోకి దిగింది" అంది సూదమ్మ.

అలా నవ్వుకుంటూనే విమానాల షెడ్డులోకి అడుగుపెట్టారు. గుమ్మంలోనే సూదమ్మ ఆగిపోయింది.

పెళ్లికి ముందు ఆవిడ విమానాల కర్మాగారంలో పనిచేసింది. ఆ రోజుల్లో పైలట్లకి పాఠాలు నేర్పే చిన్న విమానాల రెక్కలు చెక్క ఎముకల మీద బట్ట తొడిగి కుట్టినవే. బట్ట కుట్టే హాలు వేరు, విమానం ఒళ్లు తయారయ్యే షెడ్డు వేరు, రెండూ కలిపే చోటు ఇంకెక్కడో ప్రహరీ అవతల. నాలుగేళ్లు రెక్కలు కుట్టింది గానీ, పూర్తి విమానాన్ని నేల మీద ఏనాడూ చూడలేదు. ఆకాశంలో పిట్టంత చుక్కని చూపించి, అదిగో మనదే అనుకునేవాళ్లు.

ఇప్పుడు ఆ పిట్ట ఎదురుగా నిలబడి ఉంది. పైన రెండు రెక్కలు, కింద రెండు రెక్కలు, మధ్యలో మనిషి కూర్చునే చిన్న గొయ్యి. పైకప్పు అద్దాల్లోంచి దిగిన ఎండ రెక్క బట్టలోంచి ఇవతలికి వస్తుంటే, లోపలి ఎముకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టేలా కనిపిస్తున్నాయి. అవన్నీ తాను ఒక్కొక్కటిగా తడిమినవే. దుప్పటి కుట్టినట్టు కుట్టుకుంటూ పోయిన బట్ట మనిషిని మబ్బుల్లోకి ఎత్తుకుపోయిందంటే, చేసిన చేతులకే నమ్మకం కుదరలేదు. సూదమ్మ కళ్లు నిండిపోయాయి.

"ఏవండీ, ఇంత బాగుంటుందని నాకు ఎవరూ చెప్పలేదండీ" అంది.

డ్రైవరుగారు విమానాన్నీ, పెళ్లాన్నీ మార్చి మార్చి చూశాడు. "ఇది నువ్వు కుట్టావా? ఆ ఫ్యాక్టరీలో కర్టెన్లు కుట్టేదానివనుకున్నాను కదే ఇన్నాళ్లూ!" అన్నాడు. వెక్కిరింపు కాదు, నోరెళ్లబెట్టి అన్నాడు.

విమానం పక్కనే ఒక విడి రెక్కని నిలువుగా స్టాండుకి ఎక్కించారు. పని ఎలా చేసేవారో జనానికి చూపించడానికి, ఎముకల మీద అంటించిన బట్ట పట్టీలు ఊడదీసి కుట్లు కనబడేలా పెట్టారు. మొదటి ఎముక పక్కన చెక్క మీద పెన్సిలుతో రాసిన రెక్క నంబరు ఉంది. నూట పధ్నాలుగు. రాత తనదే. సూదమ్మ గుండెల్లో రాయి పడింది.

ఆ హాల్లో పని ఇలా నడిచేది. రెక్కని నిలబెట్టి ఇటొకరు, అటొకరు నిలబడాలి. ఇవతలి మనిషి మూరెడు సూదిని గుచ్చి "అందుకో" అనాలి. అవతలి మనిషి లాగి "అందింది" అని, ఎముకకి రెండో పక్క నుంచి తిరిగి గుచ్చాలి. ఇవతల ముడి పడాలి. ఒక ఎముకకి ముప్ఫై ఆరు ముళ్లు, ఒకటే దారం. దారం చాలకపోతే మొత్తం కోసేసి మళ్లీ కుట్టాలి, అది ఆ హాలు నియమం. సూదమ్మకి అవతల ఎప్పుడూ పుర్రచేతి అక్కే. ఎడమచేతి వాటమని ఆ పేరు. నాలుగేళ్లు రోజంతా బట్టకి అటూ ఇటూ నిలబడి, ఒకరి మొహం ఒకరికి కనబడకుండానే, ఒకరి కడుపులో మాట ఒకరికి చెప్పుకున్నారు.

ఒక సాయంత్రం ఈ నూట పధ్నాలుగో రెక్కకే, మూడో ఎముక మీద ఇంకా పది ముళ్లుండగా సూదమ్మకి దారం చాలలేదు. గేటు మూసే వేళ. బస్టాండులో తన కోసం ఎదురుచూస్తానని ఒక కుర్ర డ్రైవరు చెప్పాడు. ఆ డ్రైవరే ఈ డ్రైవరు. సూదమ్మ రెండు దారాలు కలిపి అతుకు వేసి లాగించేసింది. అతుకు అక్క వేళ్ల మధ్య నుంచే వెళ్లింది. అవతల సూది ఒక్క క్షణం ఆగింది. ఆ తర్వాత మామూలుగానే "అందింది" అన్న మాట వినబడింది.

మర్నాడు సూదమ్మ వచ్చేసరికి అక్క అప్పటికే హాల్లో ఉంది. పెట్టె మీద కూర్చుని కాళ్లు పిసుక్కుంటోంది. పట్టీలు అంటించేవాళ్లు రెక్కని తీసుకుపోతున్నారు. "నీతో ఒక మాట చెప్పాలే" అంది అక్క. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టయింది సూదమ్మకి. సూపర్‌వైజరుకి చెప్తానంటుందని భయపడి, పని ఉందని తప్పించుకుంది. వారం తిరక్కుండా వేరే జతకి మారిపోయింది. అక్క రెండుసార్లు ఇంటికొస్తే లేనని చెప్పించింది. పెళ్లయ్యాక ఊరే మారిపోయింది. విమానం కూలిందని పేపర్లో ఎక్కడ చదివినా ఆ రోజు ముద్ద దిగేది కాదు. ఏ తల్లి కొడుకో తన అతుకు తెగి పడ్డాడేమోనని యాభై ఏళ్లుగా మోస్తున్న భయం అది.

గైడు అమ్మాయి దగ్గరికి వచ్చింది. సూదమ్మ తడబడుతూనే అడిగింది.

"అమ్మా, ఈ రెక్క... దీనికేమైనా అయిందా?"

"ఏమీ కాలేదండీ. పద్దెనిమిదేళ్లు ఎగిరింది. దీని మీద నేర్చుకున్న పైలట్లు ఇప్పటికీ వచ్చి దణ్ణం పెట్టి వెళ్తారు."

సూదమ్మ రెక్కకి చేతులు జోడించింది. బతికించావురా దేవుడా అనుకుంది. అంతలో ఆ పిల్ల మూడో ఎముక చూపించింది.

"ఒక్క ఈ వరసే మాకు అర్థం కాలేదండీ. పక్కన పాత సూది రంధ్రాలు ఖాళీగా ఉన్నాయి చూడండి. ఎవరో మొత్తం విప్పేసి మళ్లీ కుట్టారు."

సూదమ్మ కళ్లజోడు సర్దుకుని వంగింది. రెండో ఎముక మీద ముళ్లన్నీ కుడివైపుకి వాలి ఉన్నాయి, తనవి. నాలుగో దాని మీదా అంతే. మూడో ఎముక మీద ముప్ఫై ఆరూ ఎడమవైపుకి వాలి ఉన్నాయి. దారం ఒక్కటే, ఎక్కడా అతుకు లేదు.

అవతల సూది అందుకోవడానికి ఇంకో మనిషి లేకుండా ఆ వరస కుట్టాలంటే ఒకటే దారి. ఇటు గుచ్చాలి, రెక్క చివర దాకా నడిచి చుట్టు తిరిగి అటు వెళ్లి లాగాలి, అటు నుంచి గుచ్చి మళ్లీ చుట్టు తిరిగి వచ్చి ముడి వేయాలి. ముప్ఫై ఆరు సార్లు. అందరికంటే ముందే పనికి వచ్చి, ఎవరికీ తెలియకుండా, సూదమ్మ మీద మాట రాకుండా. ఆ రోజు అక్క చెప్పబోయిన మాట ఇదన్నమాట. అలాంటి మనిషి మొహం మీద తలుపేయించింది తను. సూదమ్మకి ఏడుపు ఆగలేదు. సంతోషం ఎంతో సిగ్గూ అంతే.

డ్రైవరుగారు కంగారుపడి, "ఏమైందే?" అన్నాడు. సూదమ్మ మొదటిసారి మొత్తం చెప్పింది. అతుకూ, బస్టాండూ, అన్నీ. ఆయన రెక్క ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకసారి నడిచి, చుట్టు తిరిగి వచ్చాడు.

"ఆ సాయంత్రం నేనే అరగంట లేటుగా వచ్చానే" అన్నాడు మెల్లిగా. ఇక జోకులేవీ వేయలేదు.

"ఈ కుట్టుపని చూపించడానికి శనివారాలు ఒక పెద్దావిడ వస్తారండీ. ఎడమచేతి వాటం" అంది గైడు అమ్మాయి. "ఈ వరస సంగతేంటని అడిగితే నవ్వి ఊరుకుంటారు. ఎన్నిసార్లు అడిగినా చెప్పరు."

"నెంబరుందా అమ్మా?" అంది సూదమ్మ.

ఆ పిల్ల తన ఫోన్లోంచే కలిపి చేతికిచ్చింది. అవతల ఎత్తారు.

"ఎవరూ?"

సూదమ్మ రెక్క వైపు తిరిగి, బట్టకి దగ్గరగా నిలబడి అంది.

"అందుకో అక్కా."

డ్రైవరుగారు కూడా ఫోను దగ్గరికి చెవి పెట్టాడు.

"అందిందే" అంది పుర్రచేతి అక్క. "ఎంతసేపే తల్లీ, ఇక్కడ నిలబడి నిలబడి కాళ్లు పోయాయి."