సారు కొట్టిన మేకు

ఇది రాయకుండా ఊరుకుందామనే అనుకున్నాను. రాసేంత చదువు నాకు లేదు, రాయాల్సినంత తప్పు మాత్రం ఉంది. పోయిన మంగళవారం బీర్కూర్ దారిలో మా సారు బండితో సహా కాలువలో పడి చనిపోయారు. నలభై ఏళ్లు తిరిగిన దారి. మలుపు దగ్గర తిరగకుండా నేరుగా పోయారట.

సారు బడిపంతులు. వయసులో చర్చి ఫాదర్ అవుదామని పోయి సగంలో తిరిగొచ్చారు. అక్కడినుంచి తెచ్చుకున్నది ఒక లాటిన్ వ్యాకరణం. నేను దర్జీని. ఇప్పుడు బాన్సువాడలో ప్యాంటు కుట్టించుకునేవాడు లేడు, రెడీమేడ్ ప్యాంట్ల కాళ్లు కత్తిరించడమే పని. ఆ గోస వేరు.

మతిమరుపు మొదలైందని డాక్టర్ చెప్పిన మర్నాడు సారు ఆ పుస్తకంతో నా దుకాణానికి వచ్చారు. గోడకు తన చేత్తోనే ఒక మేకు కొట్టారు.

"రోజు పొద్దుగాల ఒక్క మాట అప్పజెప్త. ఇంతెగెర్. అంటే ఏడ విరగనిది, నిండుగున్నది. ముప్పై తీర్ల మారుతది. పక్కన తెలుగుల రాసిన, చూస్కో. తప్పిన నాడు చెప్పు, బండి తాళంచెవి గీ మేకుకు పెట్టి బస్సుల పోత."

"ముప్పై తీర్లా సార్? నేను ఒక్క తీరుగ చెప్తెనే మా ఇంట్ల ఎవ్వలు ఇంటలేరు."

"కొలత తప్పు చెప్పవని నీ తానికొచ్చిన."

ఇంతెగెర్, ఇంతెగ్రా, ఇంతెగ్రుమ్. మగ, ఆడ, రెండూ కానిది: మూడు వరుసలు, వరుసకు పది. అప్పజెప్పి, టీ తాగి, మంచాన పడ్డ తన అక్కకు అన్నం డబ్బా పట్టుకొని బీర్కూర్ పోయేవారు.

వానలు మొదలైనప్పుడు ఒకరోజు ఆడ వరుస మొత్తం వదిలేశారు. "తప్పిన్నా?" అని నా మొహంలోకి చూశారు.

"బరాబర్ ఉంది సార్."

తర్వాత రెండు వరుసలు పోయాయి. బరాబర్ అన్నాను. ఆఖరి వారం మొదటి మాటనే మళ్లీ మళ్లీ అన్నారు. అప్పుడూ అదే అన్నాను.

అక్కకు అన్నం ఎవరు మోస్తారని నాకు నేను చెప్పుకున్నాను. బీర్కూర్‌కు రోజూ బస్సుంది. నేను బడికి పోకుండా సారు దగ్గరే చదువు నేర్చుకున్నవాడిని. తప్పు చదివితే సారు ఏనాడూ నవ్వలేదు, "మళ్ల జూడు" అనేవారు. ఆ రెండు మాటలు ఆయనకు తిరిగి చెప్పడం నాకు చేతకాలేదు.

నిన్న సారు బిడ్డ దుకాణానికొచ్చింది. "బాపు గిది నీ తాన పెట్టాలంటుండె కాకా. ఎందుకో చెప్పలే" అని బండి తాళంచెవి బల్ల మీద పెట్టింది.

ఆమె పోయాక మేకుకు తగిలించాను.