మేడమ్ బల్ల దగ్గర ఆడిన అబద్ధం

ఆరేళ్లుగా ఈ మాట నా గొంతులో ముల్లులా ఉంది. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను. ఓదార్చకండి, ఒళ్లు మండుతుంది.

హోటల్ మేనేజ్‌మెంట్ చదువుతూ ఒక సెమిస్టర్‌కి మస్కట్ వెళ్లాను. మాకు పాఠాలు చెప్పే ఇటాలియన్ మేడమ్ ఒక శుక్రవారం మధ్యాహ్నం నాతో కలిపి ఐదుగురు విద్యార్థులను ఇంటికి పిలిచింది. భోజనమే పాఠం. ముందు పాస్తా, తర్వాత చేప, చివర్న సలాడ్. ఒకటి ముగిశాకే ఇంకొకటి. స్పగెట్టిని కత్తితో కోయకూడదు. ఆల్చిప్పల పాస్తా మీద చీజ్ వేయకూడదు. అన్నీ రాసుకున్నాను. కానీ ఆ చప్పటి పాస్తా గొంతు దిగలేదు.

వంటింట్లో ఉన్నది జగిత్యాల లచ్చన్న. యాభై దాటినవాడు. మస్కట్ పక్కనే రుసైల్‌లో ఒక ఫ్యాక్టరీలో మూటలు మోసి నడుం పోతే, ఈ ఇంట్లో వంటకు కుదిరాడు. చేతులు కడుక్కునే నెపంతో వెళ్లి, ఏదైనా కారం పెట్టమన్నాను.

“వద్దు తమ్మీ. మేడమ్ జూస్తే ఊకోదు.”

“కొంచెమే అన్నా. ఎవరు చూస్తరు?”

తను తినడానికి దాచుకున్న చింతకాయ తొక్కు చెంచాడు, కాగితం రుమాలులో పెట్టిచ్చాడు. మేడమ్ అటు తిరిగినప్పుడు కలుపుకున్నాను.

ఆవిడ చూసింది. ఇదేమిటని అడిగింది.

“వంటాయన వేశాడు మేడమ్. మీ పద్ధతేమో అనుకున్నాను.”

లచ్చన్నను పిలిచి అందరి ముందూ అరిచింది. ఆయన నా వైపు చూశాడు. నేను ఫోర్కుకు స్పగెట్టి చుట్టుకుంటూ కూర్చున్నాను.

“సారీ మేడమ్. మై మిస్టేక్,” అన్నాడు లచ్చన్న.

వారం తిరక్కుండా ఆయన్ని దేశానికి పంపేసింది. వీసా ఆవిడ చేతిలో ఉంది, అడిగేదెవరు? అతిథి పళ్లెంలో చెయ్యి పెట్టే వంటవాడు పనికిరాడని క్లాసులో చెప్పింది కూడా. నేను అదీ రాసుకున్నాను.

చెంచాడు తొక్కుకు ఒక మనిషి బతుకుదెరువు తీసేస్తుందా అని ఆవిడను ఎన్నేళ్లు తిట్టుకున్నానో. ఆ తిట్ల వెనక నన్ను నేను దాచుకుంటున్నానని తెలిసే తిట్టుకున్నాను. ఆవిడ అన్యాయం ఆవిడది. కానీ ముందు అడిగింది నన్నే కదా? నిజం చెబితే నాకేం పోయేది? ఆ నలుగురి ముందు మోటువాణ్ణయ్యేవాణ్ణి. అంతే. అంతమాత్రానికి!

జగిత్యాల మా ఊరికి బస్సులో రెండు గంటలు. వెళ్లలేదు. వెళ్తానని మాటివ్వను, నా మాట విలువెంతో నాకు తెలుసు.

లచ్చన్న నా పళ్లెంలో ఏమీ వేయలేదు. ఆయన వద్దన్నాడు. కావాలన్నది నేను, కలుపుకున్నది నేను, అబద్ధమాడింది నేను. నా మీద నాకు కోపం తగ్గలేదు. ఇది చెప్పాక ఊపిరి మాత్రం ఆడుతోంది.