తౌఫీక్ వేసిన దండ

ఉయ్యూరు దాటాక బస్సు పంక్చరైంది. అందరం కాలవ గట్టున దిగాం. నా పక్కన నిలబడ్డ ముప్పై ఏళ్ళ మనిషి భుజాన లావుపాటి తాడుచుట్ట ఉంది.

"నూతి పనా?" అన్నాను.

"నాటకాలండీ. తెర లాగే తాడు."

పేరు తౌఫీక్. ఆటోనగర్లో లారీ బాడీలకు రంగులేస్తాడు. సాయంత్రాలు ఓ నాటక సమాజానికి స్టేజి మేనేజరు. పాత అలంకార గ్రంథాలు కొన్ని తిరగేశాను. సూత్రధారుడి లక్షణాలు పేజీలకు పేజీలు. రెండో రంగానికి కుర్చీ ఎవరు తెచ్చి వెయ్యాలో మాత్రం నాకెక్కడా కనపడలేదు. ఆ మాటంటే తౌఫీక్ నవ్వాడు. ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు.

"ఇప్పుడు నేను దిగబోయే ఊళ్ళోనేనండీ నా మొదటి పరీక్ష," అన్నాడు. బస్సు మళ్ళీ కదిలాక మిగతాది చెప్పాడు.

అది తొంభై ఏడు. దర్శకుడు రామకోటేశ్వరరావు గారు అతనికి పని నేర్పుతున్నారు. కుర్చీ కాళ్ళ చోట సుద్దగుర్తులు పెట్టడం, ఎవరి చేతికి ఏ వస్తువు ఇవ్వాలో వరసగా బల్లమీద సర్దడం, తెర తీసేముందు ప్రతి వస్తువునీ ముట్టుకు చూడటం. కూచిపూడి అవతల ఆ ఊళ్ళో నాటక పోటీలు. స్టేజి మొత్తం మొదటిసారి అతని చేతికిచ్చారు.

నాటకంలో చనిపోయిన తండ్రి ఫోటో గోడకుండాలి. తెచ్చిన పటం వ్యాన్లో పగిలింది. తౌఫీక్ పక్కింటికి పరిగెత్తాడు. ఆ ఇల్లు రిటైరైన హెడ్మాస్టరు భానుమూర్తి గారిది. మధ్యాహ్నం వీళ్ళందరికీ కాఫీలు పంపింది ఆయనే. కోడలు మావగారి పటం తీసిచ్చింది. తౌఫీక్ దాన్ని మేకుకు తగిలించి, కాగితం పూలదండ వేసి, బొట్టు పెట్టి, తెర లాగాడు.

ముందు వరసలో ఆ భానుమూర్తి గారే. పక్కన భార్య పద్మావతమ్మ. ఆవిడ పుస్తెలు గుప్పిట పట్టుకుని కెవ్వున అరిచింది. నాటకం ఆగిపోయింది.

"రామకోటేశ్వరరావు గారు మైకు తీసుకుని, ముస్లిం కుర్రాడండీ, మన ఆచారాలు తెలియవు, మన్నించండి అన్నారు. జనం సర్దుకున్నారు. ఆ తల్లి నా దగ్గరికొచ్చి, పోన్లే నాయనా, నీకేం తెలుసు అంది. అవునమ్మా, తెలీదు అన్నాను."

"నిజంగా తెలీదా?"

అతను కిటికీవైపు తిరిగాడు. "దండ లేకపోతే తండ్రి బతికున్నట్టు కదండీ. అందుకే వేశా. టైము లేదు. నాటకమే కదా అనుకున్నా."

ఇంటికెళ్ళి చెబితే నానమ్మ ఆమినాబీ అన్నం పెట్టలేదట. "పక్కింటి తద్దినాలకి మన పెరట్లో అరిటాకులు కోసిచ్చి పెరిగినోడివి. నీకు తెలీదూ? నువ్వొక్కడివే తప్పించుకున్నావనుకున్నావా? మనందర్నీ తెలివిలేనోళ్ళని చేసి బయటపడ్డావురా," అందట.

తొమ్మిదేళ్ళుగా ఆ ఊరి పోటీలంటే జ్వరమని తప్పించుకున్నాడు. ఈసారి తానే వస్తానన్నాడు.

ఆ ఊళ్ళో బస్సు ఆగింది. తౌఫీక్ దిగాడు. సెంటర్లో, నా కిటికీ పక్కనే, గొడుగేసుకుని భానుమూర్తి గారే ఎదురొచ్చారు. తాడు చూడగానే గుర్తుపట్టారు.

"ఏమోయ్, నన్ను చంపినవాడివి నువ్వేగా! నీ పుణ్యమా అని ఆయుష్షు పెరిగిందయ్యా!"

తౌఫీక్ నవ్వలేదు. "మాస్టారూ, ఆ రోజు తెలీదన్నది అబద్ధమండీ. దండెందుకేస్తారో తెలుసు. మీరు బతికున్నారనీ తెలుసు. తెలిసే వేశాను."

పెద్దాయన గొడుగు చెయ్యి మార్చుకున్నారు. "ఇప్పుడవన్నీ ఎందుకులేవయ్యా. మీవాళ్ళకి..."

"మావాళ్ళకీ తెలుసండీ."

ఆయన ముఖంలో నవ్వు ఆరిపోయింది.

"అమ్మగారు ఇంట్లోనే ఉన్నారా?" అన్నాడు తౌఫీక్.

కండక్టరు రైట్ చెప్పాడు. నేను కిటికీలోంచి చెయ్యి ఊపాను. తౌఫీక్ నావైపు చూడకుండానే, తాడు భుజం మీదకి ఎగదోసుకుని, మాస్టారి ఇంటి సందులోకి నడిచాడు.